నాలుగో గడి ఖాళీయేనా? న్యూట్రాన్ క్షయంలో బలహీన బలానికి పరీక్షలు

స్థిరమైన కేంద్రకంలో తలదాచుకున్న న్యూట్రాన్‌కు ఎన్ని కోట్ల ఏళ్లయినా ఏమీ కాదు. దాన్ని ఒంటరిగా బయటికి తెచ్చామా, సగటున పావుగంటలోపే విచ్చిపోతుంది. ప్రోటాన్, ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినో అని మూడు ముక్కలు. పాఠ్యపుస్తకంలో ఇది ఒక్క వాక్యం. కానీ పది లక్షల న్యూట్రాన్లు ఇలా విచ్చితే అందులో ఓ నాలుగు వేరే దారి పట్టాలని సిద్ధాంతం చెబుతోంది. ఆ నాలుగింటిలో ఎలక్ట్రాన్ పారిపోదు. అప్పుడే పుట్టిన ప్రోటాన్‌కు చిక్కి దాని చుట్టూనే ఉండిపోతుంది. అంటే న్యూట్రాన్ ఏకంగా హైడ్రోజన్ పరమాణువైపోతుంది. యాంటీన్యూట్రినో ఒక్కటే ఎదురు దిక్కుకు వెళ్లిపోతుంది. ఈ తరహా క్షయానికి వీలుందని 1947లోనే ఫ్రాన్స్‌లో లెక్క వేశారు. న్యూట్రాన్ విషయంలో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ దాన్ని పట్టుకోలేదు.

పది లక్షల్లో నాలుగింటి కోసం ఇంత పట్టుదల ఎందుకు? అలా పుట్టే హైడ్రోజన్ నాలుగు రకాలుగా ఉండే వీలుంది; వాటిని నాలుగు గళ్లు అనుకోండి. ఈ క్షయాన్ని నడిపే బలహీన బలం గురించి అరవై ఏళ్లకు పైగా మనం నమ్ముతున్నది నిజమైతే, ఆ నాలుగు గళ్లలో ఒకటి పూర్తిగా ఖాళీగా ఉండాలి. తక్కువగా కాదు, సున్నాగా. ప్రయోగశాలలో సున్నా చాలా పదునైన పరీక్ష. అక్కడ ఒక్క పరమాణువు నికరంగా కనిపించినా కొత్త భౌతికశాస్త్రం మొదలైనట్టే.

అయితే ఆ గడి దాకా వెళ్లేముందు, ఇదే న్యూట్రాన్‌ను ఇతర పద్ధతుల్లో ప్రశ్నించినవాళ్ల జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూడాలి. పూర్తిగా పొసగడం లేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

ఎడమచేతివాటం బలం

కేంద్రకాల నుంచి ఇలా వెలువడే ఎలక్ట్రాన్లలో, అంటే బీటా కిరణాల్లో, శక్తి లెక్క కుదరడం లేదని, కంటికి ఆనని ఒక కణం ఆ తేడాను పట్టుకుపోతోందని 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఊహించాడు. 1932లో కేంబ్రిడ్జ్‌లో జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుక్కున్నాడు. 1934లో ఎన్రికో ఫెర్మీ రెంటినీ కలిపి బీటా క్షయానికి తొలి సిద్ధాంతం రాశాడు. న్యూట్రాన్ బరువు ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల మొత్తం కంటే కాస్త ఎక్కువ కనుక అది విచ్చిపోక తప్పదని తేలింది. కానీ ఒంటరి న్యూట్రాన్ విచ్చడాన్ని చూడాలంటే రియాక్టర్లు వచ్చేదాకా ఆగాల్సివచ్చింది. 1948 నుంచి అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో ఆర్థర్ స్నెల్ బృందం, కెనడాలోని చాక్ రివర్‌లో రాబ్సన్ ఆ పని చేశారు. 1951లో రాబ్సన్ కొలత ప్రకారం న్యూట్రాన్ సగటు ఆయువు 1100 సెకన్ల చిల్లర. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఈ కథలో ఒక తెలుగు పాయ కూడా ఉంది. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టి, సన్యసించి, ఆ తర్వాత భౌతికశాస్త్రంలోకి వచ్చిన స్వామి జ్ఞానానంద లివర్‌పూల్‌లో ఆ చాడ్విక్ దగ్గరే బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. తర్వాత విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. అక్కడి ప్రయోగశాలలకు ఆయన పేరే ఉంది.

అసలు మలుపు 1956లో వచ్చింది. ప్రకృతికి కుడిఎడమల పట్టింపు ఉండదని, ఏ సంఘటన అయినా అద్దంలో చూసినట్టుగానూ జరగగలదని అప్పటిదాకా అందరి నమ్మకం. బలహీన బలం విషయంలో దాన్ని ఎవరూ పరీక్షించలేదని భౌతికశాస్త్రవేత్తలు లీ, యాంగ్ ఎత్తిచూపారు. వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో చియెన్-షియుంగ్ వూ కోబాల్ట్-60 కేంద్రకాలను అతిశీతలంలో ఒకే దిక్కుకు నిలిపి చూసింది. ఎలక్ట్రాన్లు రెండు వైపులకూ సమానంగా పోలేదు. కేంద్రకం స్పిన్‌కు, అంటే దాని స్వభ్రమణ దిక్కుకు, ఎదురుగానే ఎక్కువగా వెళ్లాయి. అద్దం పగిలింది.

ఆ పగులుకు సూత్రం రాసినవారిలో మొదటివారు కేరళలో పుట్టిన ఇ.సి.జి. సుదర్శన్, రాచెస్టర్‌లో ఆయన గురువు రాబర్ట్ మార్షాక్. 1957లో వాళ్లు ప్రతిపాదించిన రూపాన్నే 1958లో ఫైన్‌మన్, గెల్-మన్ కూడా ప్రచురించారు. దాని సారం తేలికే. బలహీన బలానికి ఎడమచేతివాటం ఉంది. అది కణాల్లో ఎడమచేతివాటం (స్పిన్ పోయే దిక్కుకు ఎదురుగా ఉన్న) వాటినే, ప్రతికణాల్లో కుడిచేతివాటం వాటినే తాకుతుంది. అందుకే న్యూట్రాన్ విచ్చినప్పుడు వచ్చే యాంటీన్యూట్రినో స్పిన్ ఎప్పుడూ అది పోయే దిక్కుకే ఉంటుంది. ఈ బలాన్ని మోసే డబ్ల్యూ కణం 1983లో సెర్న్‌లో దొరికింది.

ఇంతకీ ప్రకృతి నిజంగానే ఇంత పక్షపాతా? కుడిచేతివాటపు బలం కూడా ఉండి, దాన్ని మోసే కణం మరీ బరువైనది కావడంతో దాని జాడ అతి పలచగా ఉందా? ఇంకా స్కేలర్, టెన్సర్ అని పిలిచే వేరే రకాల ప్రభావాలు కొద్దిగా కలిసి ఉన్నాయా? న్యూట్రాన్ ప్రయోగాలన్నీ అడిగేది ఈ ప్రశ్నలే.

న్యూట్రానే ఎందుకు?

బరువైన కేంద్రకాల బీటా క్షయంలో పదుల కొద్దీ కణాల సందడి ఉంటుంది. ఫలితంలో బలహీన బలం వాటా ఎంతో, ఆ సందడి వాటా ఎంతో విడదీయడం కష్టం. న్యూట్రాన్‌కు ఆ గొడవ లేదు. దాని క్షయాన్ని నిర్ణయించే తెలియని సంఖ్యలు ముఖ్యంగా రెండే. ఒకటి, డౌన్ క్వార్క్ అప్ క్వార్క్‌గా మారడానికి బలహీన బలం ఇచ్చే మొగ్గు. దాని విలువ సుమారు 0.974. రెండోది లాంబ్డా. న్యూట్రాన్ లోపలి క్వార్కుల కలయిక వల్ల బలహీన బలంలో స్పిన్‌ను తిప్పే భాగం ఎంత పెరిగిందో చెప్పే నిష్పత్తి అది. గుర్తును పక్కన పెడితే దాని విలువ సుమారు 1.27.

కొలవదగినవేమో అరడజను. ఆయుర్దాయం, న్యూట్రాన్ స్పిన్‌ను బట్టి ఎలక్ట్రాన్ ఎటు పోతుందో, ఎలక్ట్రాన్‌కూ యాంటీన్యూట్రినోకూ మధ్య కోణం ఎలా ఉంటుందో, ఇంకా అలాంటివి. వీటన్నింటినీ ఒక్క సూత్రంలో పేర్చి 1957లో జాక్సన్, ట్రీమన్, వైల్డ్ ఇచ్చారు. తెలియనివి రెండు, సమీకరణాలు ఆరు. బడిలో బీజగణితం చదివిన ఎవరికైనా తెలుసు, సమీకరణాలు ఎక్కువైనకొద్దీ అబద్ధం దాగడానికి చోటు తగ్గుతుంది. వీటిలో ఏ రెండు తేడాగా మాట్లాడినా, కొలతలో తప్పు ఉండాలి, లేదా సిద్ధాంతంలో ఏదో తక్కువై ఉండాలి.

ఇవి భౌతికశాస్త్రవేత్తల గదిలోనే తిరిగే అంకెలు కావు. విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో ఎంత హీలియం తయారైందో, సూర్యుడిలో ప్రోటాన్లు ఎంత నెమ్మదిగా కలుస్తాయో లెక్క వేయాలన్నా ఇవే కావాలి.

పది సెకన్ల తగువు

ఆయుర్దాయాన్ని కొలవడానికి రెండు దారులున్నాయి. మొదటిది పుంజం పద్ధతి. న్యూట్రాన్ల పుంజాన్ని ఒక ఉచ్చు గుండా పంపుతారు. మధ్యలో విచ్చిన వాటి ప్రోటాన్లను అయస్కాంత, విద్యుత్ క్షేత్రాలతో పట్టి ఉంచి, ఆపై బయటికి తోసి లెక్కపెడతారు. పుంజంలో ఎన్ని న్యూట్రాన్లు పోతున్నాయో ఒక పలుచటి లిథియం పొర చెబుతుంది. వూ తన ప్రయోగం చేసిన సంస్థే తర్వాత నిస్ట్ పేరుతో గెయిథర్స్‌బర్గ్‌లో ఈ ప్రయోగం నడిపింది. 2013లో ఇచ్చిన ఫలితం 887.7 సెకన్లు, అనిశ్చితి రెండు సెకన్ల పైన.

రెండోది సీసా పద్ధతి. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం. న్యూట్రాన్‌ను బాగా చల్లారిస్తే దాని వేగం సెకనుకు కొన్ని మీటర్లకు పడిపోతుంది. సైకిల్ మీద పోయే మనిషి వేగం అన్నమాట. ఆ స్థితిలో దానికి భూమ్యాకర్షణే పెద్ద గోడ. లాస్ అలమోస్‌లోని యూసీఎన్-టౌ ప్రయోగంలో సీసా అంటే పైన మూత లేని పెద్ద తొట్టె. అడుగునా పక్కలా వేల కొద్దీ శాశ్వత అయస్కాంతాలు పరిచి ఉంటాయి. అయస్కాంత క్షేత్రం న్యూట్రాన్లను గోడ తాకనివ్వదు. బరువే వాటిని పైకి పోనివ్వదు. తొట్టె నింపాక, మరీ హుషారుగా ఎగిరే వాటిని పైన పాలిథీన్ పలకతో ఏరేస్తారు. ఆపై ఎదురుచూపు. ఒకసారి 20 సెకన్లు, ఇంకోసారి 1550 సెకన్లు. తర్వాత పైనుంచి కత్తిలాంటి పలకను మెల్లగా దింపుతారు. దాని పేరే డాగర్. దాని మీద బోరాన్ పూత ఉంటుంది. మిగిలిన న్యూట్రాన్ తగిలినప్పుడల్లా మినుకుమంటుంది. ఆ మినుకులే లెక్క. పొట్టి నిరీక్షణకూ పొడుగు నిరీక్షణకూ మధ్య ఎన్ని తగ్గాయో చూస్తే ఆయువు తెలుస్తుంది. 2021లో వచ్చిన ఫలితం 877.75 సెకన్లు. అనిశ్చితి అర సెకను కూడా లేదు.

తేడా పది సెకన్లు. చెప్పుకున్న అనిశ్చితులతో పోలిస్తే అది యాదృచ్ఛికం అనుకోలేనంత పెద్దది.

కుండలో నీళ్లు తగ్గితే ఎవరైనా తాగారా, చిల్లు పడిందా అని అడుగుతాం. సీసాలోంచి న్యూట్రాన్ తెలియకుండా జారిపోతే ఆయువు అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. పుంజం ప్రయోగంలో ప్రోటాన్ లెక్క తప్పిపోతే ఆయువు ఎక్కువగా కనిపిస్తుంది. గమనించండి, ఇప్పుడున్న తేడా సరిగ్గా ఆ దిశలోనే ఉంది. రెండు పద్ధతుల్లోనూ మామూలుగా జరగగల తప్పు దాన్ని అదే వైపుకు లాగుతుంది.

2018లో బార్టొష్ ఫోర్నల్, బెంజమిన్ గ్రిన్‌స్టీన్ ఇంకో మాట అన్నారు. నూటికి ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా కాక, మనకు కనబడని కృష్ణ పదార్థంగా మారిపోతోందేమో! అలా అయితే సీసాలోంచి మాయమవుతుంది, పుంజంలో ప్రోటాన్‌గా లెక్కకు రాదు. రెండు అంకెలూ నిజమే అవుతాయి. ఆలోచన అందంగా ఉంది. వెంటనే వెతుకులాట మొదలైంది. అలాంటి క్షయంతో పాటు రావాల్సిన గామా కిరణాల కోసం, ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటల కోసం చూశారు. వెతికిన మేరకు దొరకలేదు. న్యూట్రాన్ నక్షత్రాలూ సాక్ష్యానికి వచ్చాయి. న్యూట్రాన్లు అలా మారగలిగితే, సూర్యుడికి రెండింతల బరువున్న నక్షత్రాలు నిలబడటమే కష్టం. పైగా జపాన్‌లోని జె-పార్క్‌లో పుంజం పద్ధతిలోనే ప్రోటాన్లకు బదులు ఎలక్ట్రాన్లను లెక్కపెట్టారు. 2024 చివర వెలువరించిన ఆ ఫలితం 877 సెకన్ల దగ్గర, నాలుగు సెకన్ల అనిశ్చితితో ఉంది. సీసా వైపే మొగ్గింది. ప్రోటాన్లను లెక్కపెట్టే చోటే తప్పు ఉందన్న అనుమానం బలపడింది. నిర్ధారణ మాత్రం కాలేదు.

ఎలక్ట్రాన్ ఎటు పోతుంది?

ఆయుర్దాయం ఒక్కటే తెలిస్తే చాలదు, లాంబ్డా కూడా కావాలి. దానికి మంచి దారి వూ అడిగిన పాత ప్రశ్నే: స్పిన్‌ను బట్టి ఎలక్ట్రాన్ ఎటు పోతుంది? ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఇన్‌స్టిట్యూట్ లావె-లాంజెవిన్ రియాక్టర్ దగ్గర పెర్కియో-3 బృందం న్యూట్రాన్లను స్పిన్ ఒకే దిక్కుకు ఉండేలా పంపి, రెండు కొసలా ఎలక్ట్రాన్లను లెక్కపెట్టింది. 2019లో లాంబ్డా 1.27641 అని ప్రకటించింది. అనిశ్చితి పది వేలల్లో ఆరుకు కాస్త లోపే.

అదే రియాక్టర్ దగ్గర ఏ-స్పెక్ట్ బృందం వేరే దారిలో వెళ్లింది. ఎలక్ట్రాన్‌కూ యాంటీన్యూట్రినోకూ మధ్య కోణం కొలవాలి. యాంటీన్యూట్రినో చేతికి చిక్కదు. కానీ అది ఎటు పోయిందో వెనక్కి తన్నుకునే ప్రోటాన్ చెబుతుంది. ఆ ప్రోటాన్‌కు ఉండే శక్తి గరిష్ఠంగా 751 ఎలక్ట్రాన్ వోల్టులే. అంత బలహీనమైన కణం ముందు విద్యుత్ గట్టు కట్టి, ఎన్ని దాటాయో చూశారు. 2020లో వచ్చిన లాంబ్డా 1.2677. చూడటానికి చిన్న తేడా. చెప్పుకున్న అనిశ్చితులతో కొలిస్తే మూడు రెట్లు. తర్వాత మళ్లీ విశ్లేషించినా అంకె పెద్దగా కదలలేదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. క్వార్కుల మధ్య మొగ్గులను చెప్పే పట్టికలో మొదటి వరుస సంఖ్యల వర్గాలను కూడితే సరిగ్గా 1 రావాలి. క్వార్కులు మూడు తరాలే అయితే అది సిద్ధాంతం పెట్టిన షరతు. లాస్ అలమోస్ సీసా ఆయువునూ పెర్కియో లాంబ్డానూ కలిపితే మొత్తం దాదాపు 0.999 వస్తుంది, బాగానే ఉంది. సీసా ఆయువుకు ఏ-స్పెక్ట్ లాంబ్డా కలిపితే 1.01, ఎక్కువైపోయింది. పుంజం ఆయువుకు పెర్కియో లాంబ్డా కలిపితే 0.989, తక్కువైపోయింది. మరి పుంజం ఆయువుకు ఏ-స్పెక్ట్ లాంబ్డా కలిపితే? మళ్లీ దాదాపు 0.999!

అంటే మొత్తం 1 వచ్చింది కదా అని ఏ జంటనూ నిజమని ముద్ర వేయలేం. రెండు తప్పులు చేతులు కలిపినా ఒప్పులాగే కనిపిస్తాయి. న్యూట్రాన్ పరీక్షల గురించి రాసే చాలామంది ఆయుర్దాయం తగువునూ లాంబ్డా తగువునూ వేర్వేరు వార్తలుగా చెబుతారు. అవి ఒకే త్రాసులో రెండు తట్టలు.

కేంద్రకాల బీటా క్షయం నుంచి వచ్చే మరింత సునిశితమైన అంకెతో చూస్తే ఈ మొత్తం 1 కంటే వెయ్యికి ఒకటి రెండు వంతులు తగ్గుతోంది. ఇది అనిశ్చితికి రెండు మూడు రెట్ల తేడా. పరమాణు కేంద్రకపు సవరణలు సరిగా వేశారా అన్న అనుమానం అక్కడ ఎప్పుడూ ఉంటుంది. ఆ అనుమానం లేని సాక్షి న్యూట్రానే. అందుకే దాని మాట నిలకడగా ఉండటం ఇంత ముఖ్యం. టెనెసీలోని ఓక్‌రిడ్జ్‌లో నాబ్ అనే ప్రయోగం ఎలక్ట్రాన్‌నూ ప్రోటాన్‌నూ ఒకేసారి పట్టి, ప్రోటాన్ ప్రయాణ సమయం కొలిచి, ఏ-స్పెక్ట్ అడిగిన ప్రశ్ననే వేరే పరికరంతో అడుగుతోంది. ఈ తగువుకు అసలైన మధ్యవర్తి అదే కావచ్చు.

వెయ్యికి మూడు, పది లక్షలకు నాలుగు

ఇప్పుడు అరుదైన క్షయాల సంగతి. న్యూట్రాన్ విచ్చినప్పుడు అప్పుడప్పుడూ ఒక కాంతి కణం కూడా బయటపడుతుంది. విద్యుదావేశం ఉన్న ఎలక్ట్రాన్ ఉన్నట్టుండి పరుగందుకోవడం వల్ల ఇది జరుగుతుంది. నిస్ట్‌లో దీన్ని తొలిసారి చూసి 2006లో ప్రకటించారు. 15 నుంచి 340 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య కాంతి కణాలతో వచ్చేవి వెయ్యి క్షయాల్లో మూడు. 2016లో ఇంకా పదునైన కొలత వచ్చింది. 14 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పైన వెయ్యికి 3.35. సిద్ధాంతం చెప్పినదానికి ఇది దగ్గరే. కానీ ఇక్కడ పరీక్షకు నిలబడింది ముఖ్యంగా విద్యుదయస్కాంత సిద్ధాంతం. బలహీన బలం గురించి దీన్నుంచి కొత్తగా తెలిసింది తక్కువ.

హైడ్రోజన్‌గా మారే క్షయం అలా కాదు. ఇక్కడ తుది కణాలు రెండే కనుక అంతా లెక్కకు లొంగుతుంది. హైడ్రోజన్‌కు వచ్చే శక్తి ఎప్పుడూ ఒక్కటే, సుమారు 326 ఎలక్ట్రాన్ వోల్టులు. వేగం సెకనుకు 250 కిలోమీటర్లు. యాంటీన్యూట్రినో సరిగ్గా ఎదురు దిక్కున పోతుంది.

నాలుగు గళ్లు ఎలా వచ్చాయో చూద్దాం. యాంటీన్యూట్రినో పోయే దిక్కును ‘పైకి’ అనుకుందాం. కుడిచేతివాటం కనుక దాని స్పిన్ పైకే, విలువ అర. మొదట ఉన్న న్యూట్రాన్ స్పిన్ కూడా అరే. కాబట్టి చివర అన్నీ కూడితే పైకి అర గానీ, కిందికి అర గానీ రావాలి. అంతకు మించి రాకూడదు. హైడ్రోజన్‌లో ప్రోటాన్‌కు ఒక స్పిన్, ఎలక్ట్రాన్‌కు ఒకటి. రెండూ చెరో దిక్కున ఉంటే మొత్తం సున్నా, లెక్క సరిపోయింది. అలాంటి గళ్లు రెండున్నాయి. సిద్ధాంతం ప్రకారం ఒకదాంట్లో సుమారు 44 శాతం, ఇంకోదాంట్లో 55 శాతం పడతాయి. రెండూ కిందికి ఉంటే మొత్తం కిందికి ఒకటి, అదీ సరిపోతుంది. కానీ ఆ గడిలో పడేది సుమారు 0.6 శాతమే. ఎందుకంటే అది లాంబ్డాకూ 1కీ ఉన్న చిన్న తేడా వర్గం మీద ఆధారపడుతుంది. ఇక నాలుగోది, రెండు స్పిన్‌లూ పైకి. యాంటీన్యూట్రినోతో కలిపితే ఒకటిన్నర. న్యూట్రాన్ దగ్గర అంత స్పిన్ ఎప్పుడూ లేదు. కాబట్టి ఆ గడి ఖాళీ.

ఆ గడిలో పరమాణువు కనిపించిందంటే యాంటీన్యూట్రినో ఎడమచేతివాటంతో పుట్టిందని అర్థం. ఇందులో లాంబ్డా ఎంత, ఆయువు ఎంత అన్న వాదనకు తావు లేదు. ఇతర పరీక్షలన్నీ ఒక అంకె ఇంకో అంకెతో ఎంత సరిపోయిందని చూస్తాయి. ఇది మాత్రం ఉందా, లేదా అని అడుగుతుంది. అందుకే ఇంత అరుదైన క్షయం వెంట పడుతున్నారు.

జర్మనీలో మ్యూనిక్ దగ్గర గార్షింగ్‌లోని పరిశోధన రియాక్టర్ చుట్టూ ఈ ప్రయోగాన్ని ఊహించారు. రియాక్టర్ గుండా ఈ కొస నుంచి ఆ కొసకు పోయే గొట్టంలో, తీవ్రమైన న్యూట్రాన్ ప్రవాహం మధ్య, ఈ హైడ్రోజన్ పుట్టాలి. అందులో 83 శాతం అట్టడుగు స్థితిలో, పది శాతం 2ఎస్ అనే స్థితిలో ఉంటుంది. ఆ 2ఎస్ స్థితి సెకనులో ఎనిమిదో వంతు దాకా నిలుస్తుంది. గొట్టం చివర విద్యుత్ క్షేత్రం తగిలిస్తే అది ఒక అతినీలలోహిత కాంతి కణాన్ని వదిలి తన ఉనికి చాటుతుంది. అయస్కాంత క్షేత్రాలతో ఏ గడిదో ఏరవచ్చు. కాగితం మీద అంతా కుదిరింది.

అసలు కష్టం కాగితం మీద కనబడదు. ఈ విశ్వంలో హైడ్రోజన్ లేని చోటు దొరకదు. ఎంత శూన్యం చేసినా గొట్టం గోడల నుంచి అది ఊరుతూనే ఉంటుంది. రియాక్టర్ గామా కిరణాల హోరు ఒకవైపు, మామూలు క్షయం నుంచి దాదాపు అదే స్థాయి శక్తితో వచ్చే ప్రోటాన్లు మరోవైపు. అవి పది లక్షల్లో నాలుగింటికి వేల వేల రెట్లు. ఆ రియాక్టర్ కూడా 2020లో ఆగిపోయి, తిరిగి నడవడానికి ఏళ్లు పట్టే పరిస్థితిలో పడింది.

అయినా ఇది ఊహాలోకపు క్షయం కాదు. జర్మనీలోనే డార్మ్‌స్టాట్‌లోని జీఎస్‌ఐలో 1992లో డిస్ప్రోసియం-163 మీద ఉన్న ఎలక్ట్రాన్లన్నీ ఒలిచేసి తిప్పుతూ చూశారు. మామూలుగా స్థిరంగా ఉండే ఆ కేంద్రకం 47 రోజుల అర్ధాయువుతో క్షయించింది. పుట్టిన ఎలక్ట్రాన్ ఆ ఖాళీ కక్ష్యలోనే ఇమిడిపోయింది. 1996లో రీనియం-187తోనూ ఇదే జరిగింది. మామూలు పరిస్థితుల్లో వేల కోట్ల ఏళ్ల అర్ధాయువు 33 ఏళ్లకు పడిపోయింది. భారీ కేంద్రకాల్లో చూసిన విషయమే న్యూట్రాన్‌లోనూ జరుగుతుందా అని అనుమానించే పనిలేదు. దాన్ని పట్టి గళ్లలో పేర్చడమే మిగిలింది.

మరో పరీక్షను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కాలాన్ని వెనక్కి తిప్పినా బలహీన బలం అలాగే ప్రవర్తిస్తుందా? న్యూట్రాన్ స్పిన్, ఎలక్ట్రాన్ దిక్కు, యాంటీన్యూట్రినో దిక్కు ఈ మూడింటి కలయికలో దానికి జవాబు దొరుకుతుంది. నిస్ట్‌లో జరిగిన ఎమిట్ ప్రయోగం 2012 నాటికి ఆ సంఖ్య పది వేలల్లో రెండు మేర అనిశ్చితితో సున్నాకు సరిపోతోందని చూపింది. విశ్వంలో పదార్థం మిగిలి ప్రతిపదార్థం ఎందుకు మాయమైందో తెలియాలంటే ఇలాంటి సున్నాలు ఎక్కడైనా పగలాలి. ఇక్కడ పగలలేదు.

లెక్క ఎక్కడ తేలింది?

ఈ చిన్న శక్తుల ప్రయోగాలు పెద్ద కొలైడర్లకు పోటీ కాగలవా? కాగలవు. న్యూట్రాన్ క్షయంలో వెయ్యో వంతు తేడాను పట్టగలిగితే, కొన్ని టెరా ఎలక్ట్రాన్ వోల్టుల బరువున్న కొత్త కణాల నీడను పట్టినట్టే. అంటే సెర్న్ యంత్రం తడుముతున్న మేరకే. ఆశ అక్కడిదాకా న్యాయమైనదే.

కానీ ఈ రంగం చరిత్ర ఇంకో మాట కూడా చెబుతుంది. 1951లో 1100 సెకన్లున్న ఆయువు ఇప్పుడు 878 దగ్గర ఉంది. 2005లో అనతోలీ సెరెబ్రోవ్ బృందం 878.5 అని చెప్పినప్పుడు అప్పటి ప్రపంచ సగటు 885.7. ఆ కొత్త అంకెను సగటులో కలపడానికి కూడా చాలా ఏళ్లు వెనకాడారు. చివరికి సగటే దాని వైపు జరిగింది. లాంబ్డా కూడా 1980లలో 1.26 దగ్గర మొదలై 1.276కు ఎక్కింది. చాలా దశల్లో అనిశ్చితి చిన్నదని ధీమాగా రాసుకున్నారు. చాలాసార్లు అది అనుకున్నదానికంటే పెద్దదే అయింది. న్యూట్రాన్ మారలేదు, మన లెక్క మారింది.

కాబట్టి నా అంచనా ఇది. సుదర్శన్, మార్షాక్ రాసిన ఎడమచేతివాటం సూత్రానికి న్యూట్రాన్ నుంచి ఇప్పటిదాకా నిలబడే అభ్యంతరం ఏదీ రాలేదు. పది సెకన్ల తేడానూ లాంబ్డా తేడానూ కొత్త భౌతికశాస్త్రానికి ఆధారంగా చూపడం తొందరపాటు. ముందుగా రావాల్సినవి రెండు: ప్రోటాన్లను మరింత నమ్మకంగా లెక్కపెట్టే కొత్త పుంజం కొలత, ఏ-స్పెక్ట్‌కు స్వతంత్రమైన తోడు కొలత. నిస్ట్‌లో సిద్ధమవుతున్న బీఎల్-3, ఓక్‌రిడ్జ్‌లోని నాబ్ ఆ రెంటి కోసమే. వాటి తర్వాతే హైడ్రోజన్ గళ్ల వంతు. అది ఖరీదైనది, నెమ్మదైనది, కానీ అన్నింటికంటే సూటి ప్రశ్న.

ఈలోగా ఎక్కడైనా యాంటీన్యూట్రినో ఎప్పుడూ కుడిచేతివాటమే అని చదివితే ఒక్క మాట గుర్తుంచుకోండి. న్యూట్రాన్ నుంచి పుట్టే హైడ్రోజన్‌లో నాలుగో గడి సున్నా అని సిద్ధాంతం చెప్పింది. దాన్ని ఇంకా ఎవరూ తెరిచి చూడలేదు.